ప్యానెల్ పెట్టిన్రు, కని పాఠం వీడియోలనే పోతున్నది. రోజూ క్లాసుల ఎట్ల వాడాలె?

నాంపల్లి_పీఎస్_సార్:

అందరికి నమస్తే. నేను నల్లగొండ జిల్లాల మర్రిగూడ, నాంపల్లి సైడు ఒక జడ్పీ హైస్కూల్ల ఫిజికల్ సైన్స్ చెప్త, సర్వీసు 11 ఏండ్లు అయింది. చాన రోజులసంది మనసుల పెట్టుకున్న ముచ్చట ఇది, తోటి టీచర్లు ఎవరన్న దారి చూపెడ్తరని రాస్తున్న, జర పెద్దగనే అయితది, ఓపికతోని చదువున్రి.

మా బడిల 8, 9, 10 తరగతుల రూముల్ల ఐఎఫ్‌పీ ప్యానెల్లు, అంటె వేలుతోని ముట్టుకుంటె నడిచే పెద్ద తెరలు, బిగించిన్రు. వచ్చిన కొత్తల పిల్లలకన్న ఎక్కువ నేనే సంబురపడ్డ, ఎందుకంటె మా ల్యాబ్ అంటె ఒక బీరువా, దాంట్ల రెండు పగిలిన పట్టకాలు, ముల్లు కదలని గాల్వనోమీటరు, గంతే. ఇగ పాఠం కండ్లకు కట్టినట్టు చెప్పొచ్చు అనుకున్న. మొదటి రెండు నెలలు ప్రతి పాఠానికి వీడియో ఏసిన. పిల్లలు సప్పుడు చెయ్యకుండ కూసుని చూసిన్రు, హెచ్ఎం సార్ కూడ కిటికీలకెల్లి చూసి మంచిగ నడుస్తున్నది అన్నడు.

మొన్న పదో తరగతికి మానవుని కన్ను పాఠం. 12 నిమిషాల వీడియో, బొమ్మలు మస్తున్నయి, కటకం, రెటీనా అన్ని గిర్రున తిరుగుకుంట కనపడ్తయి. అర్థమైందా అంటె అందరు ఒక్కసారి అయింది సార్ అన్నరు. తెల్లారి బోర్డు మీద ఉత్త గుండ్రం గీసి, ప్రతిబింబం యాడ పడ్తది, నిటారుగనా తలకిందులుగనా, వచ్చి గీయున్రి అన్న. క్లాసుల 31 మంది. ముగ్గురు లేసిన్రు. అండ్ల ఒక పిల్ల కటకం మీదనే చెట్టు బొమ్మ గీసింది, అది కూడ నిటారుగ. ఆ పిల్ల మంచిగ చదివే పిల్ల. నాకు ఆ పొద్దు అన్నం సయించలే. ఉత్త చాక్‌పీసుతోని చెప్పిన పోయినేడు బ్యాచ్ ఇదే బొమ్మ ఇంతకన్న నయం గీసిన్రు.

ప్యానెల్‌ది తప్పు అంటలేను, నేను వాడే తీరులనే ఏదో ఉన్నది. ట్రైనింగ్ అయింది, కని అండ్ల ఎట్ల ఆన్ చెయ్యాలె, పెన్ను రంగు ఎట్ల మార్చాలె, పుస్తకంల క్యూఆర్ కోడ్ కొట్టి దీక్షా యాప్ ఎట్ల తెరవాలె, గక్కడిదాకనే చెప్పిన్రు. 45 నిమిషాల పీరియడ్‌ల దాన్ని ఎప్పుడు తెరవాలె, ఎప్పుడు బంద్ పెట్టాలె, అది నడిచేటప్పుడు పిల్లలు ఏం చెయ్యాలె అనేది ఎవ్వరు చెప్పలే. ఇంకోటి, మా బడి గుట్ట కింద ఉంటది, సిగ్నల్ బోరింగ్ కాడనే దొరుకుతది, నా ఫోన్ హాట్‌స్పాట్ పెడితె వీడియో ఆగుకుంట ఆగుకుంట వస్తది, కరెంటు సంగతి మీకు తెల్సిందే. ఇంగ్లీష్ మీడియం అయినకాడికెల్లి వీడియోల మాట పిల్లలకు సగం అందుతలేదు.

మీరు రోజువారీ పాఠంల ఎట్ల కలుపుకుంటున్నరు? ఒకటి రెండు పాఠాలు పట్టుకొని నిజంగ క్లాసుల ఏం జరిగిందో చెప్తె నాకు పనికొస్తది. జిల్లా మీటింగ్‌ల చెప్పే మాటలు వద్దు సార్, అవి నా దగ్గర నోట్‌బుక్కు నిండ ఉన్నయి.


పానగల్లు_సైన్స్_మేడం:

సార్ నమస్తే. నాది కూడ అదే సబ్జెక్టు, నల్లగొండ టౌన్‌కి దగ్గర్ల పని చేస్త. మీ కన్ను పాఠం చదివితె నాకు నా మొదటి ఏడాది యాదికొచ్చింది, అచ్చం గిట్లనే అయింది.

నేను చేసిన మొదటి మార్పు ఏందంటె వీడియో సౌండ్ బంద్ పెట్టుడు. నవ్వకున్రి, నిజంగ చెప్తున్న. రెండు నిమిషాల ముక్క మాత్రమే కట్ చేసి పెట్టుకుంట, సౌండ్ లేకుండ ఒకసారి నడిపిస్త, రెండోసారి నడిపేటప్పుడు ఒక పిల్లనో పిల్లగాడో నిలబడి ఏం అయితున్నదో వాళ్ల మాటల్ల చెప్పాలె, తెలుగైన సరే, ఇంగ్లీషైన సరే, రెండు కలిపైన సరే. మొదట్ల సిగ్గుపడ్తరు. వారం పదిరోజులకు పోటీ పడ్తరు. ఎక్కడ మాట ఆగిపోతదో అక్కడ వాళ్లకు అర్థం కాలేదని నాకు తెలుస్తది, అక్కడ వీడియో ఆపి చాక్‌పీసు పట్టుకుంట. మీరు చెప్పిన ఇంగ్లీష్ సమస్యకు కూడ ఇదే మందు, ద్విభాషా పుస్తకంల ఎదురెదురు పేజీలు ఉంటయి కద, పిల్లలు తెలుగు పేజీల చూసి మాట పట్టుకొని ఇంగ్లీష్‌ల చెప్పనీకె చూస్తరు.

రెండోది, వీడియో కన్న సిమ్యులేషన్ నయం, అంటె పిల్లలే తెర మీద ముట్టుకొని మార్చి చూసే ప్రయోగం. ఫెట్ అని అమెరికాల కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, ఫిజిక్స్‌ల నోబెల్ వచ్చిన కార్ల్ వీమన్ 2002ల మొదలుపెట్టిండు, పూర్తిగ ఫ్రీ, తెలుగుల కూడ చానా ఉన్నయి. ఒక్కొక్కటి ఒక్క ఫైల్ లెక్క డౌన్‌లోడ్ అయితది, పెన్‌డ్రైవ్‌ల ఏసుకొని పోతె ప్యానెల్ల నెట్ లేకుండనే నడుస్తది. విద్యుత్ ప్రవాహం పాఠంల సర్క్యూట్ కట్టేది వాడిన. కని మొట్టమొదలు ప్యానెల్ ముట్టుకోను. బోర్డు మీద రెండు బల్బులు శ్రేణిల గీస్త, ఒక బల్బు పీకేస్తె రెండోది ఎలుగుతదా ఆరుతదా, నోట్‌బుక్కుల రాయున్రి అంట. రాసినంక చేతులు ఎత్తమంట. ఎలుగుతది అన్నోళ్లు ఇంత మంది, ఆరుతది అన్నోళ్లు ఇంత మంది అని బోర్డు మూలకు రాస్త. అప్పుడు ప్యానెల్ తెరుస్త, ఆరుతది అన్న పిల్లల్లకెల్లి ఒకరిని పిలిచి వాళ్లతోనే బల్బు పీకిపిస్త. ఆ ఒక్క క్షణం క్లాసు అంత ఊపిరి బిగవట్టి చూస్తది సార్. ఎందుకంటె ప్రతి ఒక్కరు ముందే ఒక మాట రాసి పెట్టుకున్నరు, అది నిజమా అబద్ధమా తేలాలె. తర్వాత సమాంతరంల అదే ప్రశ్న. మొత్తం మీద ప్యానెల్ నడిచేది 8, 10 నిమిషాలు. మిగిలిన టైము చేతులు, నోట్‌బుక్కు, మాటలు.

ఇంకోటి మా ఊరిది చెప్త, మీరు కూడ చెయ్యొచ్చు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం అందరికి తెల్సిందే, కందూరు చోళుల కాలంది, గర్భగుడిల లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ లాంటిది పగలంతా కదలకుండ నిలబడి ఉంటది. ఒక ఆదివారం పొయ్యి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడు ఫోటోలు ఒక్క జాగల నిలబడి తీసిన. సోమారం ప్యానెల్ మీద మూడు పక్కపక్కన పెట్టి, సూర్యుడు జరిగిండు, నీడ ఎందుకు జరగలే అన్న, అంతకన్న ఒక్క ముక్క ఎక్కువ చెప్పలే. కిటికీలు మూసి ఇద్దరు పిల్లలకు రెండు ఫోన్లు ఇచ్చి టార్చ్ ఏపిచ్చిన, బల్ల మీద రెండు చాక్‌పీసులు నిలబెట్టిన్రు. ఒక్క టార్చ్ ఏస్తె నీడ టార్చ్‌తోని పాటు ఉరుకుతది. రెండు టార్చ్‌లు రెండు పక్కలకెల్లి ఏసి, చాక్‌పీసులు జరుపుకుంట జరుపుకుంట రెండు నీడలు ఒక్కకాడ పడేటట్టు చేసిన్రు, నడిమిట్ల ఒక నల్లటి గీత, అటిటు రెండు పలచటి గీతలు. అప్పుడు వెనుక బెంచీల ఎప్పుడు మాట్లాడని ఒక పిల్లగాడు లేసి, మేడం గుడిల లోపటికి ఎండ నేరుగ రాదు కద, రెండు పక్కలకెల్లి వెలుతురే వస్తది కద, అందుకే సూర్యుడు తిరిగినా నీడ తిరగదు అన్నడు. ఆ పిల్లగాడి పేరు నేను అటెండెన్స్‌ల తప్ప అప్పటిదాక నోటితోని పలకలే. ఫోన్ల టార్చు, మూడు ఫోటోలు, గంతే టెక్నాలజీ.


పాలమూరు_లెక్కల_సార్:

మేడం బల్బు ముచ్చట మస్తుంది. ముందుగాల రాపిచ్చుడు అనేది లెక్కలల కూడ అంతే. నేను మహబూబ్‌నగర్ జిల్లాల పని చేస్త, నా అనుభవం రెండు ముక్కలు.

జియోజీబ్రా తెల్సు కద, గ్రాఫులు గీసే యాప్, ఫ్రీ. పదో తరగతి బహుపదుల పాఠంల వర్గ బహుపది శూన్యాలు అనంగనే పిల్లలు సూత్రం బట్టీ కొడ్తరు, శూన్యం అంటె గ్రాఫ్ అడ్డగీతను ఎక్కడ తాకుతదో ఆ జాగ అని వాళ్ల తలకాయల ఉండదు. నేను x స్క్వేర్ మైనస్ 4x ప్లస్ c అని రాసి c కి స్లైడర్ పెట్టిన. c కి 3 పెడితె గ్రాఫ్ 1 కాడ, 3 కాడ రెండు చోట్ల కోస్తది. మెల్లగ c ని పెంచుకుంట పోతుంటె ఆ రెండు చుక్కలు దగ్గరికి వస్తయి, 4 కాడ రెండు కలిసి 2 మీద ఒక్కటైతయి, 5 కి పోతె గ్రాఫ్ గాలిల తేలుతది, అడ్డగీతను తాకనే తాకదు. బోర్డు మీద మూడు వేరు వేరు గ్రాఫులు గీస్తె మూడు వేరు వేరు లెక్కలు అనుకుంటరు పిల్లలు, ఒకటే గ్రాఫ్ మీదికి లేస్తున్నది అని కనపడదు, ఆ కదలిక చాక్‌పీసుతోని చూపించలేం. అందుకోసమే ప్యానెల్ తెరుస్త. గ్రాఫ్ పేపర్ మీద చేత్తోని ఒక్కటన్న గీసినంకనే తెరుస్త, లేకపోతె అది సినిమా అయితది.

రెండో ముక్క, నాకు అన్నిటికన్న పనికొచ్చింది ఫోన్ కెమెరా. స్టూల్ మీద స్టూల్ పెట్టి, పైన స్కేల్‌కు రబ్బర్ బ్యాండ్‌తోని ఫోన్ కట్టి, కింద పిల్లల నోట్‌బుక్కు పెట్టి ప్యానెల్‌కు కలుపుత. పేరు ఉన్న జాగ మీద డస్టర్ పెడ్త, ఎవరిదో చెప్పను. ఈ లెక్క యాడిదాక కరెక్టు ఉన్నది, యాడ దారి తప్పింది, అని క్లాసును అడుగుత. పోయిన వారం ఒక నోట్‌బుక్కుల మైనస్ 3 ఇంటూ మైనస్ 4 మైనస్ 12 అని ఉన్నది, తొమ్మిది మంది నాది కూడ గట్లనే ఉంది సార్ అన్నరు. నేను 30 నోట్‌బుక్కులు దిద్దితె ఎర్ర ఇంకు పడ్తది గని ఆ తొమ్మిది మంది ఒకరినొకరు చూసుకోరు. తప్పును అందరి ముందట మర్యాదగ చూసుకునే జాగ దొరికింది మాకు.

చివరిది, ఇది మా పాలమూరు బాధ. వలస పోయే ఇండ్ల పిల్లలు తల్లిదండ్రులతోని హైదరాబాద్‌కో ముంబైకో నెల రెండు నెలలు పోయి వస్తరు, వచ్చినంక వెనుక బెంచీల కూసుంటరు, ఇగ అందుకోలేరు. నేను రోజు పీరియడ్ అయినంక బోర్డు ఫోటో తీసి క్లాసు వాట్సప్ గ్రూప్‌ల పెడ్త, దాంతోపాటు నిమిషంనర నా గొంతు, ఇయ్యాల ఏం చేసినం, ఏ లెక్క ఇంటికాడ చెయ్యాలె అని. వీడియో కాదు, గొంతే, ఎందుకంటె తండ్రి ఫోన్‌ల డేటా అంతే ఉంటది. పోయినేడు ఒక పిల్ల బిల్డింగ్ పని కాడికెల్లి రాత్రిపూట లెక్క చేసి ఫోటో పంపేది, సిమెంటు సంచి కాగితం మీద రాసి. ఆ ఫోటోలు నా ఫోన్‌ల ఇప్పటికీ ఉన్నయి, నేను డిలీట్ చెయ్యను.


కల్వకుర్తి_ఫిజిక్స్:

సార్, ల్యాబ్ లేదన్నరు, మీ జేబులనే ల్యాబ్ ఉన్నది. ఫైఫాక్స్ అనే యాప్ జర్మనీల ఆఖెన్ యూనివర్సిటీ వాళ్లది, ఫ్రీ, ఒకసారి ఎక్కించుకుంటె నెట్ అక్కర్లేదు. ఫోన్ల ఉన్న మైకు, అయస్కాంత సెన్సర్, కదలిక పసిగట్టే సెన్సర్ అన్నిటిని కొలత పరికరాలు చేస్తది.

ధ్వని వేగం గిట్ల తియ్యొచ్చు. రెండు ఫోన్లు వరండాల అటు చివర ఒకటి ఇటు చివర ఒకటి పెట్టాలె, రెండిట్ల అకౌస్టిక్ స్టాప్‌వాచ్ తెరవాలె, అది సప్పుడు వింటె మొదలైతది, మళ్ల సప్పుడు వింటె ఆగుతది. మొదటి ఫోన్ కాడ ఒకరు చప్పట్లు కొట్టాలె, ఒక సెకను ఆగి రెండో ఫోన్ కాడ ఇంకొకరు కొట్టాలె. రెండు ఫోన్లల టైముల తేడా ఎంత వస్తదో ధ్వని ఆ దూరం పొయ్యి రానీకె పట్టే టైము అంత. రెండింతల దూరాన్ని ఆ తేడాతోని భాగిస్తె వేగం. గాలి ఉన్నప్పుడు, పక్క క్లాసు అరిచేటప్పుడు చెయ్యకున్రి, మొత్తం ఖరాబు అయితది, ఇంటర్వెల్ కన్న ముందు చేసుకోవాలె.

నెట్ సంగతి, ఇంటి కాడ రాత్రి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌ల పాఠం పేరుతోని ఫోల్డర్లు పెట్టుకున్రి. ప్యానెల్ల నేరుగ ఫైల్ తెరుచుకుంటదో లేదో సాయంత్రం బడి అయినంక ఒకసారి చూసుకొని పోవాలె, క్లాసుల పిల్లల ముందు ఎతుకుతుంటె 10 నిమిషాలు పోతది. కరెంటు పోతె ఏం చెయ్యాలో కూడ ముందే అనుకోవాలె, నేనైతె ప్రతి పాఠానికి ప్యానెల్ లేకుండ కూడ నడిచేటట్టు ఒక పేజీ రాసి పెట్టుకుంట.


దేవరకొండ_తండా_బడి:

నేను ఎస్‌జీటీని అన్నా, తండాల ప్రైమరీ స్కూల్, నాకు ప్యానెల్ లేదు, నా ఫోన్ ఒక్కటే, ఐనా రాస్తున్న ఎందుకంటె చిన్న క్లాసుల ముచ్చట ఎవ్వరు చెప్పరు.

మా ఒకటో తరగతి పిల్లలు ఇంట్ల లంబాడీ మాట్లాడ్తరు. బడికొచ్చినంక తెలుగు, దాని మీద ఇంగ్లీష్. ఆరేండ్ల పిల్లకు ఒక్కసారే మూడు మాటలు. మొదట్ల నోరు తెరవకపోతుండె. నేను ఫోన్ల వాయిస్ రికార్డర్ పెట్టి, యాడి అంటె అమ్మ, పాణి అంటె నీళ్లు అని వాళ్లతోనే చెప్పిపిచ్చి రికార్డ్ చేసిన, తర్వాత వినిపిచ్చిన. తన గొంతు తనకు ఫోన్లకెల్లి వినపడితె ఒక పిల్ల మొకం ఎట్ల ఎలిగిందో నేను రాయలేను అన్నా, నోటి మీద చెయ్యి పెట్టుకొని మళ్ల వెయ్యి మేడం మళ్ల వెయ్యి మేడం అని నా కొంగు పట్టుకొని గుంజింది. ఆ పొద్దు 14 మంది పిల్లలు క్యూ కట్టిన్రు.

ఇప్పుడు అదే రోజు పని అయింది. పొద్దున ఒక బొమ్మ చూపిస్త, దాని గురించి ఒక మాట లంబాడీల, అదే మాట తెలుగుల, వచ్చినోళ్లు ఇంగ్లీష్‌ల. రికార్డ్ అయినంక విని, తప్పు పలికింది ఎవరు అని నేను చెప్పను, వాళ్లే విని మళ్ల చెప్తరు. నెల కింది గొంతు, ఇప్పటి గొంతు పక్కపక్కన వినిపిస్తె వాళ్లకే తెలుస్తది మారింది అని. చదవడం కూడ గంతే, ఒక్క పేరా చదివి రికార్డ్. తొలిమెట్టు (చిన్న క్లాసుల చదువు, లెక్కల పునాది కార్యక్రమం) రికార్డులల నింపే మార్కుల కన్న నాకు ఆ గొంతులే పిల్లల సంగతి చెప్తయి.

ఒక్కటి మాత్రం పక్కా పెట్టుకున్న. పిల్లల గొంతు, ఫోటో ఏది గ్రూపులల, స్టేటస్‌లల పెట్టను. తల్లిదండ్రులను పిలిచి ముందే చెప్పిన, వాళ్లు వచ్చి వింటరు, ఏడాది అయినంక తుడిచేస్త.


మునుగోడు_రిటైర్డ్:

నమస్కారం. నేను రిటైర్ అయి ఆరేళ్లయింది, 33 ఏండ్లు సైన్స్ చెప్పిన. పైన రాసిన వాళ్లందరినీ చదివితే మనసు నిండింది, కానీ నాంపల్లి సార్‌కు నేనొక మాట వేరుగా చెప్పాలి.

కన్ను పాఠానికి తెర అసలు మొదట రావద్దు బాబూ. పిల్లలను ఇంటి నుంచి నాయనమ్మలవీ తాతలవీ దగ్గరిది చదవడానికి పెట్టుకునే కండ్లద్దాలు తెమ్మనండి. గది తలుపులు మూసి ఒక్క కిటికీ తెరిచి పెట్టి, ఎదురు గోడ ముందు ఆ అద్దం పట్టుకొని ముందుకూ వెనక్కూ జరపమనండి. ఒక జాగలో బయటి వేపచెట్టు, దాని మీద ఆకాశం, అన్నీ తలకిందులుగా గోడ మీద పడతాయి, రంగులతో సహా. రెండు పవర్ అద్దమైతే అరమీటరు కాడ పడుతుంది, స్కేలుతో కొలిపించండి, పవర్ అంటే నాభ్యంతరానికి తిరగేసిన లెక్క అని పుస్తకంలో సూత్రం చేతికి దొరుకుతుంది. అది అయినంక వాళ్లకు ప్రశ్నలు పుడతాయి. ఆ ప్రశ్నలు పుట్టినంక మీ వీడియో వేయండి, అప్పుడు చూడండి ఎట్ల చూస్తారో. ప్రశ్న లేనోనికి జవాబు చూపిస్తే నిద్రే వస్తుంది.

తెర ఎక్కడ కావాలో కూడా చెప్తాను. మీది మర్రిగూడ పక్క అన్నారు. ఫ్లోరైడ్ సంగతి మీ పిల్లల తాతలను, నాయనమ్మలను అడిగితే కాళ్లు వంగిన కథలు చెప్తారు. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నాయి, కానీ పాత బోర్లు ఊళ్లో ఇంకా ఉన్నాయి కద. గ్రామాలలో నీళ్లు పరీక్ష చేసే ఫీల్డ్ కిట్లు ఉంటాయి, పంచాయతీ వాళ్లను అడిగి తెప్పించుకొని పిల్లలతో ఏ బోరులో ఫ్లోరైడ్ ఎంతో చూపించండి, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ అంకెలను ప్యానెల్ మీద పట్టికలో వేసి గ్రాఫ్ గీయించండి, ఊరి మ్యాపు తెరిచి ఏ బోరు ఎక్కడుందో చుక్కలు పెట్టించండి. తర్వాత నల్లగొండ టెక్నిక్ అని వెతకమనండి. నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ తోటి నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి మన జిల్లా పేరు పెట్టారు, టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది ఆ పేరు. మన పేరు ఒక నొప్పితో ముడిపడి అంత దూరం పోయిందని పిల్లలు తమ వేళ్లతో టైపు చేసి చదివినప్పుడు ఆ రసాయన శాస్త్రం వాళ్లది అవుతుంది. నా సర్వీసులో ఇంటర్నెట్ లేక నేను ఇది నోటితోనే చెప్పాను. ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ అనుకుంటా.


నాంపల్లి_పీఎస్_సార్:

అందరికి మస్తు థ్యాంక్స్. వెంటనే జవాబు రాయలే, ముందుగాల చేసి చూసినంకనే రాద్దాం అని ఆగిన. పది రోజులు అయింది.

మునుగోడు సార్, మీరు చెప్పినట్టే చేసిన. పదో తరగతికి కన్ను పాఠం మళ్ల మొదటికెల్లి ఎత్తుకున్న. పిల్లలు ఏడు కండ్లద్దాలు తెచ్చిన్రు, ఒకటి కాడ విరిగి దారం కట్టింది. గోడ కాడ తెల్ల కాగితం అంటించిన. మొట్టమొదలు చెట్టు పడ్డది ఒక పిల్లగాడి చేతుల, వాడు అరిసిన అరుపుకు పక్క రూముకెల్లి తెలుగు మేడం ఉరికొచ్చింది. రెండు పవర్ అద్దానికి ఒక గ్రూపు 48 సెంటీమీటర్లు, ఇంకో గ్రూపు 51 అన్నరు. ఆ గోడ మీది చెట్టును నా ఫోన్తోని ఫోటో తీసి ప్యానెల్ మీద పెద్దగ పెట్టిన, ఎంబడే కిటికీలకెల్లి అదే చెట్టు నిజం ఫోటో పక్కన పెట్టిన, కొమ్మలు ఎటున్నయి, ఏది ఎటు తిరిగింది, వాళ్లే వచ్చి పెన్నుతోని గీతలు కలిపిన్రు. కింద మీద అయింది గని సార్, రెండు ఫోటోలల కుడి ఎడమ మాత్రం మారలే అని ఒక పిల్ల పట్టుకున్నది. ఇది నేను చెప్పలే.

అప్పుడు ఆ పాత వీడియోలకెల్లి రెండు నిమిషాల ముక్క, మేడం చెప్పినట్టు సౌండ్ బంద్ పెట్టి ఏసిన. ముగ్గురు చెప్పిన్రు, మధ్యల కటకం మందం మారే జాగల ఆగిపోయిన్రు, అక్కడ చాక్‌పీసు పట్టుకున్న.

ఎనిమిదికి ధ్వని చేసినం. మా వరండా 12 మీటర్లు, టేపుతోని కొలిచిన్రు. తేడా మొదటిసారి 0.071 సెకన్లు, రెండోసారి 0.067, మూడోసారి 0.069. సగటు పట్టి 24 మీటర్లను భాగిస్తె సెకనుకు 348 మీటర్లు వచ్చింది. ఒక పిల్లగాడు పుస్తకంల 20 డిగ్రీలకాడ 343 అని ఉంది మనది తప్పు అన్నడు. ఇయ్యాల ఎండ ఎంతుందిరా అన్న, ఫోన్ల చూస్తె 30 ఉన్నది. సున్న డిగ్రీలకాడ ఉండే 331కి డిగ్రీకి 0.6 చొప్పున కలుపు అన్న, 349 వచ్చింది. క్లాసుల కొద్దిసేపు సప్పుడు లేదు. తర్వాత వాడే, సార్ అంటె చలికాలంల మళ్ల కొలుద్దామా అన్నడు. డిసెంబర్ల కొలుద్దామని బోర్డు మూలకు రాసి పెట్టిన్రు, తుడవనిస్తలేరు.

అన్ని మంచిగ అయినయి అని కాదు. తొమ్మిదికి సిమ్యులేషన్ పెడితె ప్యానెల్ టచ్ పని చెయ్యలే, రిపేర్ కోసం ఫోన్ చేస్తె ఇప్పటిదాక ఎవరు రాలే, పీరియడ్ సగం పోయింది. పాఠం కూడ అనుకున్నదానికన్న నాలుగు పీరియడ్లు ఎక్కువ పట్టింది, సిలబస్ ఎట్ల అందుకోవాలో నాకు ఇంక తెలుస్తలేదు, ఈ సంగతి ఎవరన్న చెప్తె వింట. ఫ్లోరైడ్‌ది పంచాయతీ సెక్రటరీని అడిగిన, కిట్ తెప్పిస్త అన్నడు.

మొన్న మళ్ల బోర్డు మీద అదే ఉత్త గుండ్రం గీసిన. కటకం మీద చెట్టు గీసిన పిల్లనే లేసింది. రెటీనా మీద తలకిందుల చెట్టు గీసి, కిరణాలు కూడ కలిపి, చాక్‌పీసు ఇచ్చి పోబోయి ఆగి, సార్ లోపట తలకిందులుగ పడ్తె మనకు నిటారుగ ఎందుకు కనపడ్తది అన్నది. ఎవరన్న చెప్తరా అని క్లాసును అడిగిన. ఎవ్వరు చెప్పలే, ఇంటికాడ ఆలోచించుకొని రమ్మన్న. రేపు ఫస్ట్ పీరియడ్ ఆ ప్రశ్నతోనే మొదలుపెడ్తున్న, ప్యానెల్ తెరవకుండ.